ముసలితనం రద్దయిన వేసవి

మా ఊళ్ళో ముసలితనాన్ని రద్దు చేశారు. ఇది కర్నూలు కలెక్టరు గారి ఉత్తరువు కాదు. మద్రాసు కౌన్సిలులో బిల్లు పెట్టి చేసిందీ కాదు. బడి వసారాలో కొండలరావు గారు ప్రతిపాదించారు, కాశయ్య గారు బలపరిచారు. మిగతావాళ్ళకు పొలం పనులుండటం వల్ల చేతులెత్తి వెళ్ళిపోయారు. దేశంలో చాలా తీర్మానాలు ఇంతకంటే తక్కువ ఆలోచనతో జరుగుతాయి కాబట్టి దీన్ని తప్పుపట్టడానికి లేదు.

కొండలరావు గారు మా ఊరి పెద్దరైతు. తాలూకా బోర్డు మెంబరు. రాచర్ల వైపు నుంచి ఏ అధికారి బండి దిగినా మొదట కనిపించేది ఆయన పైపంచె. అరవై దాటాయి. ముందు పళ్ళు కొన్ని సెలవు తీసుకున్నాయి. వాన రాబోతున్న సంగతి ఆకాశానికంటే ముందు ఆయన మోకాళ్ళకు తెలిసేది. కాశయ్య గారిది దుకాణం. చూపు మందగించి తూకంలో పొరపాట్లు వస్తుండేవి. వింత ఏమిటంటే ఆ పొరపాట్లన్నీ ఒకే పక్కకు వచ్చేవి.

ఒకరోజు గిద్దలూరు స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్న కొండలరావు గారికి ఎవరో వదిలేసిన మద్రాసు పత్రిక దొరికింది. అందులో ఒక ప్రకటన: "పురుషులారా, మీరు వృద్ధులు కారు. మీ గ్రంథులు నిద్రించుచున్నవి." ఆయన ఎక్కాల్సిన రైలు వచ్చింది, పోయింది. ఆయన ఆ వాక్యం దగ్గరే ఉండిపోయారు. అరవై ఏళ్ళుగా తన గురించి ఎవరూ ఇంత మంచి మాట చెప్పలేదు.

నెల తిరగకముందే ఆ ప్రకటన ఇచ్చిన ప్రొఫెసర్ రాజరత్నం గారు రెండు ట్రంకు పెట్టెలతో ఎద్దుల బండి దిగారు. ఆయన ఏ కాలేజీలో ప్రొఫెసరో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. నున్నగా దువ్విన నల్ల జుట్టు, బంగారు కళ్ళద్దాలు. వసారాలో నిలబడి మొదట తన వయసు డెబ్బై రెండని ప్రకటించారు. చూస్తే నలభై దాటినట్టు లేదు. ఆ ఒక్క మాటతో సగం ఊరు ఆయన పక్షమైపోయింది. తర్వాత ఉపన్యసించారు:

"మహాజనులారా, పురుషుని యౌవనమంతయు కొన్ని గ్రంథులలో ఊరెడి రసమునందున్నది. ఆ రసము తగ్గగనే జుట్టు నెరయును, నడుము వంగును, భార్య మాట వినవలసివచ్చును. ఐరోపా ఖండమున కోతుల గ్రంథులతో వృద్ధులను బాలురను చేయుచున్నారు. మన దేశమునకు మన మేకపోతు చాలును."

కోతుల సంగతి ఊరివాళ్ళు ఆలోచించకపోలేదు. పెద్దారవీడు దాకా నల్లమల అంచంతా కోతులే. కానీ ఆంజనేయస్వామికి ఏం జవాబు చెప్పాలన్న ప్రశ్న వచ్చింది, పైగా కోతులు ఒప్పుకునే సూచనలు లేవు. మేకపోతు సంగతి వేరు. దాన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

వైద్యం రెండు భాగాలు. మొదటిది మేకపోతు విత్తులను ఎండబెట్టి, నూరి, తేనెతో చుట్టిన మాత్ర. రెండవది రేకు డబ్బాలో వచ్చే బలవర్ధక చూర్ణం. డబ్బా మీద కండలు తిరిగిన ఒక తెల్లదొర బొమ్మ ఉంది. కాశయ్య గారు మాంసం ముట్టరు కాబట్టి ధర్మసంకటంలో పడ్డారు. ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తుడుచుకొని, మేక తినేది ఆకులే కాబట్టి ఈ మాత్ర రెండోసారి వడగట్టిన ఆకు పసరు మాత్రమేనని తేల్చారు. కాశయ్య గారికి శాస్త్రం మీద గౌరవం కలిగింది.

చూర్ణం విషయంలో కొండలరావు గారి భార్య ఆదిలక్ష్మమ్మ గారు చిన్న అభ్యంతరం లేవదీశారు. డబ్బా మూత తీసి, చిటికెడు నోట్లో వేసుకొని, "ఏమయ్యా, ఇది ఉలవపిండి గదా. మన ఎద్దులకు పెట్టేదే" అన్నారు.

"ఎద్దులు ముసలివైనాయా మరి?" అన్నారు కొండలరావు గారు.

"ముసలి కాకముందే అమ్ముతుంటివి గదా."

ఆయన ఆ మాట విననట్టు డబ్బా మూత బిగించారు. భార్య మాట వినిపించడం గ్రంథి నిద్రకు గుర్తని ప్రొఫెసరు గారు ముందే హెచ్చరించి ఉన్నారు.

మందు పనిచేయడం మొదలుపెట్టింది. ఊతకర్రలు అటక ఎక్కాయి. జుట్లు రాత్రికి రాత్రి నల్లబడ్డాయి, తలగుడ్డలు పగటికి పగలు నల్లబడ్డాయి. దగ్గాల్సి వస్తే పెద్దమనుషులు దొడ్లోకి వెళ్ళి దగ్గి వచ్చేవారు. ఇవన్నీ మా కళ్ళతో చూసినవే. అప్పుడు జరిగిందే నేను మొదట చెప్పిన తీర్మానం. మాత్ర పుచ్చుకున్న ఏ పురుషుణ్ణీ ఇకమీదట తాత అనీ, పెదనాయన అనీ పిలవరాదు, అన్న అనే పిలవాలి. మా వైపు దారినపోయే మనిషిని కూడా ఏదో ఒక వరస కలపకుండా పిలవం కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. కొండలరావు గారి మనవడు ఆయన్ను అన్నా అన్నాడు. ఆ లెక్కన తన కన్నతండ్రి తనకు ఏమవుతాడో తేలక రెండు రోజులు తండ్రితో మాట్లాడటం మానేశాడు. తండ్రికి అది హాయిగానే ఉండింది.

ఇక పేతురు సంగతి చెప్పాలి.

పేతురు ఊరి బయట పల్లెలో ఉంటాడు. కొండలరావు గారి పొలంలో కూలి. మా ఊళ్ళో మేకపోతును కోస్తే ఏ ముక్క ఎవరిదో తాతల నాడే నిర్ణయమైంది. తల పెద్దరైతు ఇంటికి, కాళ్ళు చాకలికి, తోలు తోలు పనివాళ్ళకు. కోసేది బుడే సాహెబు. కోసేటప్పుడు వెనక కాళ్ళు కదలకుండా పట్టుకునేవాడికి, ఏ ఇంట్లోనూ వండుకోని ఆ విత్తుల ముక్క. ఆ కాళ్ళు పట్టేది పేతురు. అంతకుముందు వాళ్ళ నాయన. మీసం మొలవని వయసు నుంచీ పేతురు ఆ ముక్కను మోదుగాకులో చుట్టుకొని పోయేవాడు, భార్య మార్తమ్మ మిరపకాయ నూరి వేయించి పెట్టేది. దాంట్లో ఏదో మహిమ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కూరకు ఆ ముక్క ఒక్కటే దొరుకుతుందన్న సంగతే తెలుసు.

వైద్యం మొదలైన నాటి నుంచి ఆ ముక్క నేరుగా కొండలరావు గారి ఇంటికి పోయింది. పేతురు మాత్రం మామూలుగా కాళ్ళు పట్టాడు, మామూలుగా చెయ్యి చాపాడు.

"లేదు పేతురన్నా," అన్నాడు బుడే సాహెబు, కత్తి తుడుచుకుంటూ. "పెద్దోళ్ళు అడుగుతుండారు. దవా అంట."

"దవానా? ఇదా?"

"ఖుదాకే తెలియాల."

పేతురు ఖాళీ ఆకు మడిచి రొంటిన పెట్టుకున్నాడు. దాని గురించి ఆయన ఎవరితోనూ తగాదా పడలేదు. ఆయన ఆశ వేరే చోట ఉంది. అది చెరువు కట్ట మీద, తూము పక్కన, కానుగ నీడలో ఉన్న ఒక బండ.

ప్రతి వేసవిలో ఊరంతా కలిసి చెరువు పూడిక తీయాలి. ఇంటికొక మగమనిషి తట్టా పారా తీసుకొని రావాలి. వయసు మళ్ళినవాడని పెద్దలు ఒప్పుకున్నవాడు మాత్రం మట్టి మోయనక్కరలేదు. బండ మీద కూర్చుంటాడు. సంగటి ముద్ద మొదట అతనికే. ప్రతిఫలంగా అతను చేయాల్సిన పని ఒకటే: మట్టి మోసేవాళ్ళను చూసి "తట్ట నిండలేదురా" అనడం. పేతురు చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ మట్టి మోశాడు. ఒక్కసారి ఆ మాట తాను అనాలని ఆయన కోరిక. పల్లె నుంచి ఇంతవరకు ఎవరూ ఆ బండ ఎక్కలేదు. ఎక్కకూడదని రూలేమీ లేదు. పల్లెలో ఎవరికీ వయసు మళ్ళినట్టు పెద్దల దృష్టికి రాలేదు, అంతే.

పూడిక మొదలయ్యే రోజున ఊరంతా కట్ట దగ్గర చేరింది. బండ మీద కొండలరావు గారు, కాశయ్య గారు అలవాటు ప్రకారం కూర్చుని ఉన్నారు. పక్కనే కుర్చీలో ప్రొఫెసరు గారు. పేతురు తట్ట కింద పెట్టి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, ఒక్క మనవి. ఈ యేడు నన్ను బండ మీద కూసోనియ్యాల."

"ఎందుకురా?"

"ముసలోణ్ణయినా గదయ్యా. మూడేండ్ల నాడు మీరే అంటిరి గదా, ముసలోడివైనావు పేతురూ, ఇంక నీకు నిండు కూలి ఎట్లిచ్చేదని. అప్పటికాడ్నుంచి ముసలి కూలే గదా తీసుకుంటుండా. కూలికాడ ముసలోణ్ణి, కట్టకాడ గూడ ముసలోణ్ణే గదయ్యా."

మాట న్యాయంగా కనిపించింది. అందుకే పెద్దలు వెంటనే ఒప్పుకోలేకపోయారు.

"నీ వయసెంత?" అన్నారు కాశయ్య గారు.

"ఏమో నాయనా. ధాత కరువులో మా యమ్మ సంకన ఉన్నానంట."

"కొండలరావు గూడ ఆ కరువులోనే పుట్టినాడు గదా," అని ఆడవాళ్ళలో నుంచి ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలుసుకోవడానికి కొండలరావు గారు అటు చూశారు. అందరూ కొంగు సర్దుకుంటున్నారు.

అప్పుడు ప్రొఫెసరు గారు లేచారు. ఆ ముక్క ఏళ్ళ తరబడి తిన్నవాడు ఒకడు ఊళ్ళో ఉన్నాడని ఆయనకు అప్పుడే తెలిసింది. పేతురును ముందుకు రమ్మని, చుట్టూ తిరిగి చూశారు. కనురెప్ప పైకెత్తారు. వీపు మీద వేలితో కొట్టారు. తర్వాత శాస్త్రోక్తంగా చెప్పారు:

"జీవితమంతయు గ్రంథిసేవనము చేసినవాడు వృద్ధుడగుటకు వీలులేదు. వీలులేనిది జరుగదు. కావున ఇతడు వృద్ధుడు కాడు. ఇతనికి ముప్పది సంవత్సరములకు మించి ఉండరాదు."

"నడుము వంగింది గదా," అన్నాడు బుడే సాహెబు. చెరువు కింద ఆయనకూ కొంచెం మడి ఉంది కాబట్టి ఆయనా తట్టతోనే వచ్చాడు.

"అది వయసు చేత వంగినది కాదు. వినయము చేత వంగినది."

"నోట్లో పండ్లు లేవు."

"మిఠాయి ఎక్కువ తినుటచేత."

పేతురు క్రిస్మసు నాడు తప్ప బెల్లం ముక్క కూడా ఎరగడు. కానీ ఆయన బుద్ధిగా నోరు తెరిచి చూపించాడు. చదువుకున్నవారు తన మీద ఇంతసేపు దృష్టి పెట్టడం ఆయనకు అదే మొదటిసారి.

కొండలరావు గారు తీర్పు చెప్పారు. "ఇన్న్యావు గదరా. నాదేం లేదు, శాస్త్రం చెబుతాండాది. నువ్వు వయసులో ఉన్నోడివి. పో, తట్ట ఎత్తుకో."

పేతురు ముఖం అప్పుడు చూడాల్సింది. ఏడవలేదు. తలగుడ్డ మళ్ళీ చుట్టుకోబోతుంటే చేతికి కొస దొరకలేదు, అంతే. చుట్టూ చుట్టూ వెతుక్కున్నాడు.

మార్తమ్మ ముందుకు వచ్చింది.

"ముప్పయ్యేండ్లోడా ఈయప్ప? అట్లయితే నన్ను చేసుకున్నోడు యాడబోయినాడో వెతికి పెట్టండయ్యా. నాకు అరవై దగ్గిర పడె. ఈ పిల్లోణ్ణి ఎంటబెట్టుకొని నేను సంతకెట్ల పోయేది, నలుగురిలో నగుబాటు."

కట్ట మీద నవ్వు పుట్టింది. అది తగ్గేదాకా ఆగి బుడే సాహెబు మెల్లగా అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే సందేహం.

"కొండలరావన్నా, నాకొకటి అర్థం గాలేదు. పేతురన్న తిన్నదే గదా మీరు గూడ తింటుండారు. నేను కోసినదాంట్లో ఒక్కటి మిగలనియ్యకుండ తీసుకపోతిరి. ఆయన వయసోడైతే మీరూ వయసోళ్ళే. బండేమో ముసలోళ్ళది. మరి మీరు ఆడ కూసున్యారేంది?"

ఇద్దరు పెద్దమనుషులూ బండను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. లేవకపోతే మందు అబద్ధం. లేస్తే మట్టి నిజం. వెలిగండ్ల దాకా ఉత్తరాలు రాసి చుట్టాలందరికీ మాత్రల మహిమ చెప్పుకున్న మనిషి, నలుగురి ఎదుట తాను ముసలివాణ్ణని ఎలా ఒప్పుకుంటాడు? కొండలరావు గారు పైపంచె నడుముకు బిగించారు. ఆయన తన ఇంట్లో నుంచి తట్ట తెచ్చుకున్న చరిత్ర లేదు కాబట్టి, ఎదురుగా ఉన్న పేతురు తట్టనే అందుకున్నారు. కాశయ్య గారు బుడే సాహెబు తట్టకు ఒక చెవి పట్టుకున్నారు.

"మీరు గూడ దిగండి సామీ," అంది మార్తమ్మ ప్రొఫెసరు గారితో. "ఈడ అందరికంటే వయసోళ్ళు మీరే."

ప్రొఫెసరు గారు తొణకలేదు. "అమ్మా, నేను శాస్త్రరీత్యా యువకుడను. సంవత్సరముల రీత్యా డెబ్బది రెండు. మట్టి మోయుటకు సంవత్సరములే ప్రమాణము" అని, కుర్చీ కొంచెం నీడలోకి జరుపుకున్నారు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మా ఊరు గుర్తుంచుకుంది.

చేతిలో తట్ట లేక పేతురు ఊరికే నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక పూడిక రోజున ఆయన చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కూసో," అంది మార్తమ్మ.

"యాడ?"

"యాడ ఖాళీ ఉందో ఆడ."

ఖాళీగా ఉన్నది బండ ఒక్కటే. ఆయన కూర్చున్నాడు. నిండుగా కూర్చోలేదు. అంచు మీద, ఎవరైనా వస్తే లేవడానికి వీలుగా. కొంచెంసేపటికి బండ చల్లదనం తెలిసింది కాబోలు, కాస్త వెనక్కి జరిగాడు.

కింద కొండలరావు గారి తట్టలో రెండు పారల మట్టి పడగానే ఆయన చాలన్నట్టు చెయ్యెత్తారు. అప్పుడు బండ మీద నుంచి ఒక గొంతు వినిపించింది. మర్యాదగా, తీర్మానం ప్రకారం వరస కూడా తప్పకుండా.

"అన్నా, తట్ట నిండలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సినంత చిన్న మాట కాదది. పార పట్టినవాడు అలవాటు కొద్దీ ఇంకో రెండు పారలు వేశాడు. కొండలరావు గారు తట్ట నెత్తికెత్తుకొని కట్ట ఎక్కడం మొదలుపెట్టారు. సగం దూరం యౌవనంతోనే ఎక్కారు. తర్వాత నడుములో ఏదో పలికింది. తట్ట ఒక పక్కకు, తలగుడ్డ ఒక పక్కకు, ఆయన నాలుగు కాళ్ళ మీద ఉండిపోయారు. ఆ భంగిమలో ఆయన మేకపోతును పోలి ఉన్నారని, మందు ఇప్పుడు పూర్తిగా పట్టిందని కొందరు అభిప్రాయపడ్డారు. కాశయ్య గారు మొదటి తట్టకే కూర్చుండిపోయి, శాకాహారుల మీద మందు నిదానంగా పనిచేస్తుందని వివరణ ఇచ్చారు.

మంచం తెచ్చి కొండలరావు గారిని ఇంటికి మోసుకుపోయారు. ఆ సందడిలో సంగటి వేళ అయింది. బండ మీద ఉన్నవాడికి మొదటి ముద్ద పెట్టడం ఆచారం. వడ్డించేవాడు మనిషి ముఖం చూడలేదు, బండ చూశాడు. మొదటి ముద్ద పేతురు చేతిలో పడింది. ఆయన దాన్ని వెంటనే తినలేదు. ప్రార్థన చేశాడు, రోజూ చేసేదానికంటే పొడుగ్గా. తర్వాత సగం తుంచి మార్తమ్మ వైపు చాపాడు.

"నువ్వు తిను," అంది మార్తమ్మ. "వయసు పిల్లోడివి. ఎదగాల."

మూడో రోజు కొండలరావు గారి ఇంటి ముందు అరుగు మీద పెద్దలు సమావేశమయ్యారు. ఆయన బోర్లా పడుకొని అధ్యక్షత వహించారు. ఆదిలక్ష్మమ్మ గారు వేడి ఇటుక గుడ్డలో చుట్టి ఆయన నడుముకు కాపడం పెడుతున్నారు. మిగిలిన ఉలవపిండి ఎద్దులు తిన్నాయని, వాటికి బాగానే ఉందని ఆవిడ సభకు తెలియజేశారు. అప్పటికే గిద్దలూరులో రైలెక్కిన ప్రొఫెసరు గారి వాక్యం ఆధారంగా సభ ఏకగ్రీవంగా ఇలా తీర్మానించింది: మాత్ర పుచ్చుకున్న పెద్దమనుషులు శాస్త్రరీత్యా యువకులు, సంవత్సరాల రీత్యా వృద్ధులు. కాబట్టి వారిని అన్నా అనే పిలవాలి, బండ మీదే కూర్చోబెట్టాలి. పేతురు కూడా శాస్త్రరీత్యా యువకుడే, సంవత్సరాల రీత్యా వృద్ధుడే. కాబట్టి అతను మట్టి మోయాలి, ముసలి కూలి తీసుకోవాలి. అందరికీ ఒకే సూత్రం వర్తించినందుకు సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు.

మరుసటి రోజు నుంచి పేతురు మట్టి మోశాడు. బండ మీద నుంచి కాశయ్య గారు "తట్ట నిండలేదురా" అంటే ఆయన ఒక్కసారి తలెత్తి చూసేవాడు, తర్వాత నింపించుకునేవాడు. ఆ మాట ఎలా అనాలో తెలిసినవాడు ఎదుటివాడు సరిగ్గా అన్నాడా లేదా అని చూసే చూపు అది. విత్తుల ముక్క మళ్ళీ ఆయన ఆకులోకి వచ్చింది. పెద్దమనుషుల జుట్టు మళ్ళీ తెల్లబడింది, తలగుడ్డలు కూడా. తీర్మానం మాత్రం అలాగే ఉంది.

ఈ కథ నేను గిద్దలూరులో చెప్పాను, మార్కాపురంలో చెప్పాను. విన్నవారంతా పెద్దలు, లోకజ్ఞానం కలవారు, బాగా నవ్వారు. పేతురుకు ఆ బండ మళ్ళీ దొరికిందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే నన్ను పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆ ప్రొఫెసరు గారి అడ్రసు అడిగారు.